రెండొందల పదిహేడు

ఆఫీసు అద్దె నవంబరుతో సరి.
పద్నాలుగు బల్లల కిందా పాకి
పద్నాలుగు తీగలు పీకాను.
దుమ్ములో ఎవరిదో చెవిపోగు,
ఎండిన నారింజ తొక్క,
మూలబల్ల కింద శ్రద్ధగా చుట్టిన దుప్పటి.
అన్నీ తీగలతో పాటే చెత్తసంచిలో వేశాను.

ఇక ఫోనంటే వస్తువు కాదు.
ఒక పేరు, ఒక పాస్‌వర్డు,
తెరమీద ఒక పచ్చ చుక్క.
సస్కటూన్‌లో మైనస్ ముప్ఫై రాత్రి
ఎవరింట్లో ఫర్నేసు ఆగిపోయినా
మోగేది మా నంబరే.
ఇన్నాళ్ళూ ఒక గదిలో మోగింది,
ఇప్పుడు ఊరంతా చెదిరి మోగాలి.

ఒక్కొక్కరినీ పిలిచి పరీక్షించాను.
ఒకటి, రెండు, మూడు అనమంటే
ఒరీసియా పిల్లి మీద చాడీలు చెప్పింది.
ఆమె మాట నాదాకా వచ్చి మళ్ళీ ఆమె చెవికే చేరుతోంది.
"నా మాట నాకే అప్పజెబుతావేంటి" అని విసుక్కుంది.
రాస్తర్న్ దగ్గర పొలంలో క్లిఫర్డ్‌కి
చిల్లు సంచిలోంచి గోధుమలు జారినట్టు
మాట మధ్యలో అక్షరాలు జారిపోతున్నాయి.
రౌటర్‌ని ఫ్రిజ్ మీంచి దించి కిటికీలో పెట్టించాను,
వాక్యం నిండింది.
రొవీనా వెనకాల రైస్ కుక్కర్ టిక్కుమంది.
అన్నం ఉడికిన సంగతి ఆమెకన్నా ముందు నాకే తెలిసింది.

చివర ఒక పట్టిక.
ప్రతి నంబరు పక్కనా ఒక గడి: అత్యవసర చిరునామా.
గోడలో దిగిన తీగకి తన ఇల్లు తెలుసు,
ఈ ఫోనుకి తానెక్కడుందో తెలీదు.
మనిషి కూలబడి, తొమ్మిది ఒకటి ఒకటి నొక్కి,
ఆపైన గొంతు పెగలకపోతే
అంబులెన్సు పరుగెత్తేది ఆ గడిలోని గుమ్మానికే.

పదమూడు నిండాయి.
రెండొందల పదిహేడు, డెల్ఫీన్:
"ఆఫీసు అడ్రసే వేసెయ్."
ఆఫీసు లేదు కదా, శుక్రవారం తాళాలిచ్చేస్తున్నాం.
"అయినా సరే."

గడి ఖాళీగా వదిలితే సిస్టం ఒప్పుకోదు, ఎర్రబడుతుంది.
లాగ్ తీసి చూశాను. చూడకూడదేమో.
పొద్దున లైబ్రరీ వైఫై,
మధ్యాహ్నం డోనట్ల కొట్టు,
రాత్రి షిఫ్టుకి, తెల్లార్లూ తెరిచుండే లాండ్రీ.
ఆమె కాల్స్‌లో గుండ్రంగా తిరిగే ఒక హోరు;
సర్వర్ లోపమని రెండు రోజులు వెతికాను.
డ్రయ్యర్లు.
ఆ హోరులోనే ఎవరో ముసలాయనకి చెబుతోంది:
"నీలం మంట కనబడిందా? మీట వదలకండి.
ఇల్లు వెచ్చబడేదాకా లైన్లోనే ఉంటాను."

దుప్పటి ఎవరిదో అప్పుడు తెలిసింది.

నా ఇంటి అడ్రసు రాద్దామనుకున్నాను.
అంబులెన్సు నా గుమ్మంలో దీపాలు తిప్పుతూ నిలబడుతుంది,
ఆమె ఇంకెక్కడో నేలమీద.
చెరిపేశాను.

ఫోన్ చేశాను. ఏమీ అడగలేదు.
"చోటు మారినప్పుడల్లా నాకు చెప్పాలి, నిబంధన" అన్నాను.
అలాంటి నిబంధన లేదు.
అటునుంచి కాసేపు డ్రయ్యర్లే మాట్లాడాయి.
"ఎన్నింటికి?" అంది.

అప్పట్నించి, ఎనిమిదికి పది నిమిషాలు తక్కువలో:
"ఇవాళ లైబ్రరీ. రెండో అంతస్తు, పటాల బీరువా పక్కన."
రాస్తాను.
"ఇవాళ లాండ్రీయే. వెనక గుమ్మం. ముందుది మంచుకి బిగుసుకుంది."
వెనక గుమ్మం అని కూడా రాస్తాను.

నెలాఖర్న మేనేజరు అడిగాడు,
ఒక్క నంబరుకి ఇరవైయారు మార్పులేంటి, సిస్టం పాడైందా?
సిస్టం బాగానే ఉందన్నాను.

ఇవాళ ఎనిమిదిన్నర అయింది.
పచ్చ చుక్క వెలగలేదు.
తెరమీద నిన్నటి చిరునామా అలాగే ఉంది,
వెనక గుమ్మంతో సహా.

కోటు వేసుకుంటున్నాను.